పోటీ ఇద్దరిది, నెగ్గింది మూడోది

మీ ప్రశ్న – నా జవాబు

పోయిన సంచికలో ‘మాక్రాస్ ప్లస్’ అనే జపాన్ యానిమే (అక్కడివాళ్ల బొమ్మల సినిమా) గురించి ఒక పేజీ రాసి, ఐదుకు మూడున్నర మార్కులు వేశాను. పెద్ద హీరో సినిమాని ఏకిపారేసినప్పుడు కూడా ఇన్ని ఉత్తరాలు రాలేదు. కొందరు తిట్టారు, కొందరు మెచ్చుకున్నారు, ఒకాయన రెండూ చేశారు. అందుకని ఈసారి శీర్షిక మొత్తం దానికే.

అప్పుడు చదవనివాళ్ల కోసం కథ రెండు ముక్కల్లో చెప్తాను. 2040వ సంవత్సరం. ఈడెన్ అనే గ్రహం మీద సైన్యం కొత్త యుద్ధవిమానం ఎంచుకోవాలి. రెండు కంపెనీలు చెరో నమూనా దింపాయి. వైఎఫ్-19ని నడిపేది ఇసాము డైసన్, దుడుకు మనిషి, పైవాళ్ల మాట చెవికెక్కదు. వైఎఫ్-21ని నడిపేది గుల్డ్ బోమన్, పైకి నెమ్మది, లోపల కుతకుత. రెండు విమానాలూ గాల్లో ఉండగానే కాళ్లూ చేతులూ చాపి రోబోలుగా మారిపోతాయి. పైలట్లిద్దరూ చిన్నప్పుడు ఒకే కంచంలో తిన్నంత స్నేహితులు, ఏడేళ్లుగా మాటల్లేవు. మధ్యలో మ్యుంగ్ అనే అమ్మాయి. ఒకప్పుడు ఈ ఇద్దరితో కలిసి తిరిగింది, పాడేది. ఇప్పుడు పాట మానేసి, షారన్ ఆపిల్ అనే కంప్యూటర్ గాయనికి నిర్మాతగా ఉంది.

ముందే చెప్తున్నాను, కింది జవాబుల్లో క్లైమాక్స్ కూడా వచ్చేస్తుంది. చూడాలనుకున్నవాళ్లు ఈ పేజీని మడిచి దాచుకోండి.

ప్ర: అయ్యా, అరవైకి దగ్గరపడిన మనిషి బొమ్మల సినిమా చూసి పేజీ నింపడమేమిటి? అవి పిల్లలకి వదిలేయండి.
— రిటైర్డ్ హెడ్మాస్టరు, రాజాం

జ: నమస్కారం మాస్టారూ. పిల్లలకి వదిలేయకూడదనే రాశాను. ఇది పిల్లల కోసం తీసింది కాదు. 1994, 95ల్లో నాలుగు భాగాలుగా, ఒక్కో భాగం నలభై నిమిషాల చొప్పున, టీవీతో పనిలేకుండా నేరుగా వీడియోగా అమ్మడానికి తీశారు. తాగుడుంది, అసూయ ఉంది, ఒక ఆడపిల్ల మీద జరిగిన దౌర్జన్యం ఉంది. మీ మనవడికి పదమూడు దాటకపోతే చూపించకండి.

ఇక బొమ్మలంటారా. మన పల్లెల్లో తోలుబొమ్మలాట తెల్లారేదాకా ఆడితే ఆఖరి దాకా కూర్చునేది ఎవరండీ? పిల్లలు లంకాదహనం కాకముందే అమ్మ ఒళ్లో నిద్రపోయేవారు.

మీ శిష్యులు కూడా ఒకప్పుడు దూరదర్శన్ ముందు కూర్చుని జెయింట్ రోబోని చూసినవాళ్లే. ఒక కుర్రాడు చేతి గడియారంలో మాట్లాడితే అది ఎగిరొచ్చేది, చెప్పిన పని చేసి పోయేది. అందులో రోబోకి బాధ లేదు, కుర్రాడికీ పెద్దగా లేదు. 1972లో ‘మజింగర్ జెడ్’ అనే సీరియల్‌తో జపాన్‌వాళ్లు రోబో తలలోకి మనిషిని ఎక్కించారు. అక్కడి నుంచి లెక్క మారింది. రోబోకి దెబ్బ తగిలితే లోపలివాడు మూలుగుతాడు, లోపలివాడికి కోపమొస్తే రోబో చెయ్యి లేస్తుంది. కథ రోబోని వదిలి మనిషి దగ్గరికి వచ్చేసింది.

ప్ర: సార్, ఇసాము గొప్ప పైలటా, గుల్డ్ గొప్ప పైలటా? మా ఫ్రెండ్స్ మధ్య బెట్టు నడుస్తోంది. తేల్చెయ్యండి.
— ఇంటర్ విద్యార్థి, నెల్లిమర్ల

జ: ఇద్దరి బెట్టు డబ్బూ నాకు పంపించు నాయనా. ఇద్దరూ ఓడిపోయారు.

ముందు విమానాల సంగతి చూడు. వైఎఫ్-19 చేతిపని విమానం. కర్ర పట్టుకుని, పెడల్ తొక్కి, ఒళ్లు హూనం చేసుకుని నడపాలి. అందుకే అది ఇసాము లాంటివాడి చేతిలోనే ఆడుతుంది. వైఎఫ్-21 అలా కాదు. గుల్డ్ కళ్లు మూసుకుని వెనక్కి వాలి కూర్చుంటాడు. ఎడమకి తిరగాలని అనుకుంటే చాలు, తిరుగుతుంది. వినడానికి హాయిగా ఉందా? ఆ వెనకే చిక్కుంది. మనసు చెప్పినట్టు వినే విమానం, మనసు చెదిరినప్పుడు కూడా వింటుంది. ఇసాము పేరు తలుచుకుంటేనే ఒళ్లు మండే మనిషికి అలాంటి విమానం ఇచ్చి, ఎదురుగా ఇసామునే నిలబెట్టారు. రాసినవాళ్ల తెలివి చూడు. మనిషి లోపలి గొడవని డైలాగులో పెట్టలేదు, రెక్కల్లో పెట్టారు.

అసలు వాళ్ల పోటీ విమానం గురించి కాదు. ఏ కంపెనీకి కాంట్రాక్టు వస్తుందన్నది ఇద్దరికీ పట్టదు. ఏడేళ్ల కిందట ఒక రోజు ఏదో జరిగింది. ఆ రోజు తప్పంతా ఇసాముదే అని గుల్డ్ నమ్ముతాడు. ఇసాము నోరు విప్పడు. మ్యుంగ్ కూడా విప్పదు. ముగ్గురూ నోరు మూసుకుంటే మాట్లాడాల్సింది తుపాకులేగా.

నాలుగో భాగంలో భూమి మీదికి దిగుతూ ఇద్దరూ తలపడతారు. నేను మళ్లీ మళ్లీ వెనక్కి తిప్పి చూసింది అదే. ఒక్కో క్షిపణి తెల్లటి పొగదారం లాక్కుంటూ, వంకర్లు తిరుగుతూ, ఒకదాన్నొకటి దాటుకుంటూ పోతుంది. కెమెరా కూడా వాటి వెంటే పరిగెడుతుంది. ఇచిరో ఇతానో అనే యానిమేటర్ పనితనం అది. ఆయన పేరు మీదే ఈ పద్ధతిని ‘ఇతానో సర్కస్’ అంటారు. చేత్తో గీసిన బొమ్మలు అవి, గుర్తుంచుకో. అంత గందరగోళంలోనూ ఏ క్షిపణి ఎటు పోతోందో మన కంటికి తెలుస్తుంది. ఈమధ్య వందల కోట్లు పోసి తీస్తున్న గ్రాఫిక్స్ ఫైట్లలో ఎవడు ఎవణ్ణి కొడుతున్నాడో తెలియక నేను పాప్‌కార్న్ వైపు చూసుకుంటున్నాను.

ఇంత ప్రాణాంతకమైన యుద్ధంలో వాళ్లు తిట్టుకునే తిట్లు విన్నావా? దేశం, గ్రహం, న్యాయం ఏమీ లేవు. చిన్నప్పటి చిల్లర తగాదాలు! బడిలో ఎవడు ఎవణ్ణి ఏమన్నాడు, ఎవడు ఎవడికి ఏం బాకీ. ఆ క్షిపణుల మధ్యలోనే గుల్డ్‌కి ఏడేళ్లుగా మనసు దాచిపెట్టిన సంగతి గుర్తొస్తుంది. ఆ రోజు మ్యుంగ్ మీద దౌర్జన్యానికి దిగింది ఇసాము కాదు, తనే.

ఇప్పుడు చెప్పు, ఎవడు గొప్ప పైలటో తేల్చాలని ఇంకా ఉందా?

ప్ర: మీ విజయనగరంవాళ్లకి ఇలాంటి పగల కథలు నచ్చడంలో వింత లేదు. ఇసాము, గుల్డ్‌ల గొడవలో మన ఊళ్ల గొడవే కనిపించింది నాకు. వీళ్లలో బొబ్బిలి ఎవరు, విజయనగరం ఎవరు?
— బట్టల షాపు యజమాని, బొబ్బిలి

జ: ఆ ప్రశ్నకి జవాబు రాస్తే అటు మీ ఊరికి పెళ్లికి రాలేను, ఇటు గంటస్తంభం దగ్గర టీ తాగలేను. కానీ మీరు అనుకున్న దానికన్నా మంచి పోలికే తెచ్చారు. 1757 జనవరి 24న కూలింది మీ కోట. ఆ తరవాత తాండ్ర పాపారాయుడు డేరాలో దూరి చంపింది మా విజయరామరాజుని. రెండు ఊళ్లూ కలిపి పోగొట్టుకున్నది లెక్క వేసుకుంటే చాలా ఉంది. ఇంతకీ కోట గోడలు పడగొట్టిన ఫిరంగులు ఎవరివి? ఫ్రెంచి సేనాని బుస్సీవి. పగ మన ఇద్దరిదీ, ఫిరంగి మూడోవాడిదీ.

ఈ యానిమేలో బుస్సీ పేరు ‘ఘోస్ట్ ఎక్స్-9’. ఇసాము, గుల్డ్ ఒకరి మీద ఒకరు పళ్లు నూరుకుంటూ ఉండగానే పైనుంచి ఉత్తర్వు వచ్చేస్తుంది: పోటీ రద్దు. వైఎఫ్-19 వద్దు, వైఎఫ్-21 వద్దు. పైలటే అక్కర్లేని విమానం సిద్ధమైపోయింది. నాకు ఈ కథలో అన్నిటికన్నా పదునుగా తగిలింది ఇదే. మామూలు రచయిత అయితే ఇద్దరికీ చివర్లో ఒక ఫైట్ పెట్టి ఒకణ్ణి గెలిపించేవాడు. ఇక్కడ గెలవడానికి బహుమతే మిగల్లేదు. అయినా ఇసాము విమానం దొంగతనంగా ఎత్తుకుపోతాడు, గుల్డ్ వెంటపడతాడు, ఇద్దరూ మళ్లీ కొట్టుకుంటారు.

ఇది నాకు ఎందుకు తగిలిందో చెప్తాను, నవ్వకండి. ఎనభైల్లో నాకు ఇక్కడ వీడియో క్యాసెట్ల షాపు ఉండేది. రోడ్డుకి అవతల ఇంకొకాయన షాపు. కొత్త క్యాసెట్ వచ్చిందంటే విశాఖపట్నం నుంచి ముందు ఎవరు తెస్తారా అని పంతం. ఆయన మనిషి రైలెక్కాడని తెలిస్తే మా కుర్రాడు లారీ ఎక్కేవాడు. (అవి అసలు క్యాసెట్లా నకళ్లా అని అడక్కండి, ఇన్నేళ్లకి ఆ గొడవ ఎందుకు.) పెళ్లిళ్ల సీజన్లో రాత్రికి కలర్ టీవీ, వీసీపీ, మూడు నాలుగు క్యాసెట్లు కలిపి అద్దెకిచ్చేవాళ్లం. ఆయన రేటు తగ్గిస్తే నేనూ తగ్గించేవాణ్ణి. రివైండ్ చెయ్యకుండా తెచ్చిన క్యాసెట్లు కూడా నేను తీసుకుంటానంటే ఆయనా అదే బోర్డు పెట్టేవాడు. ఒకరి వీసీపీ హెడ్డు బూజు పట్టిందని ఇంకొకరం ఊరంతా చెప్పుకున్నాం. అలా కొట్టుకుంటూ ఉండగా తొంభైల్లో స్తంభం మీద నుంచి స్తంభం మీదికి ఒక నల్ల వైరు వచ్చింది. కేబుల్ టీవీ. నెలకి ఇంత అని కడితే ఇంట్లోనే రోజూ సినిమా. ఆయన షాపు ముందు మూసేశాడు, నాది తరవాత. ముందు మూసినవాడు ఓడిపోయినట్టా? ఆ రోజుల్లో నేను అలాగే అనుకున్నాను, కొన్నాళ్లు మీసం కూడా తిప్పాను.

కాబట్టి ఘోస్ట్ తెర మీదికి వచ్చినప్పుడు ఆ ఇద్దరు పైలట్ల మొహాలు చూస్తే నాకు ముప్పై ఏళ్ల కిందటి షట్టర్ల చప్పుడే వినిపించింది.

ప్ర: విమానం రోబోగా మారడం, మనిషి లేని విమానం పైలట్లని ఓడించడం... వీటిలో ఏదైనా నిజంగా సాధ్యమా? లేక అంతా కల్పనేనా?
— ఇంజనీరింగ్ విద్యార్థిని, విజయనగరం

జ: తల్లీ, మొదటిది కల్పన, రెండోది ఇప్పటికే పేపర్లలోకి వచ్చేసింది.

విమానానికి కాళ్లెందుకు అన్నది ఎప్పుడూ ఉండే ప్రశ్న. మంచి కథలైతే దీనికి ఏదో ఒక సాకు తయారు చేసుకుంటాయి. 1982లో వచ్చిన మొదటి ‘మాక్రాస్’ సీరియల్లో శత్రువులు మనుషులకి అయిదారింతల ఎత్తున్న రాక్షసాకారులు. వాళ్లతో చేతులు కలపాలంటే, అంటే కుస్తీకి, మనకీ అంత ఒళ్లు కావాలి. ఆ విమానాన్ని గీసిన షోజి కవామోరి అమెరికావాళ్ల ఎఫ్-14ని చూసి గీశాడు. రెక్కలు ముడుచుకునే విమానం కదా, కాళ్లు కూడా మొలిస్తే నమ్మబుద్ధవుతుంది. ‘మాక్రాస్ ప్లస్’లోని పోటీకి కూడా అసలు మూలం భూమి మీదే ఉంది. అమెరికా వైమానిక దళం వైఎఫ్-22, వైఎఫ్-23 అని రెండు నమూనాలని పోటీకి పెట్టి, 1991లో వైఎఫ్-22ని ఎంచుకుంది. ఓడిపోయిన వైఎఫ్-23 ఫొటో తీసి గుల్డ్ విమానం పక్కన పెట్టి చూడు, అన్నదమ్ముల్లా ఉంటాయి.

రెండోదానికి వద్దాం. పైలట్‌కి ఉన్న పెద్ద ఇబ్బంది వాడి ఒళ్లే. విమానం గట్టిగా మలుపు తిరిగితే బరువు పెరిగినట్టు ఉంటుంది. 9 జీ అంటే మామూలు బరువుకి తొమ్మిది రెట్లు, 70 కిలోల మనిషికి తను 630 కిలోలున్నట్టు తోస్తుంది. నెత్తురు తల నుంచి కిందికి జారి కళ్ల ముందు చీకటి కమ్ముతుంది. ప్రత్యేకమైన సూటు, ఊపిరి బిగించే సాధన ఉంటేగానీ తట్టుకోలేరు. మనిషి లేకపోతే ఈ బాధ లేదు, విమానం విరగనంత వరకు తిప్పొచ్చు. ఘోస్ట్ బలం అదే. 2020 ఆగస్టులో అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా ఒక పోటీ పెట్టింది. సిమ్యులేటర్లో ఒక ఏఐ ప్రోగ్రాం, ఎదురుగా అనుభవమున్న ఎఫ్-16 పైలట్. 5–0తో ఏఐ గెలిచింది. 2023లో ఎక్స్-62ఏ అనే విమానాన్ని ఏఐకి అప్పగించి, మనిషి నడిపే ఎఫ్-16 మీదికి నిజంగానే గాల్లో వదిలారు. జాగ్రత్త కోసం లోపల పైలట్లని కూర్చోబెట్టారు లెండి. ఆ పరీక్ష జరిగింది కాలిఫోర్నియాలోని ఎడ్వర్డ్స్ స్థావరంలో. ఈ యానిమేలో ఇసాము, గుల్డ్ పోటీపడే స్థావరం పేరు ‘న్యూ ఎడ్వర్డ్స్’. 1994లో రాసుకున్న కథ!

ఇంజనీరువి కాబట్టి ఒకటి గమనించు. ఆఖరికి గుల్డ్ ఒంటరిగా ఘోస్ట్‌ని ఎదుర్కొంటాడు. దాని వేగం అందదు. అప్పుడేం చేస్తాడు? విమానానికి ఉన్న కాళ్లూ చేతులూ ఊడదీసి పారేస్తాడు. మనిషి తట్టుకునేంత వరకే పోనిచ్చే అడ్డుకట్ట తీసేస్తాడు. రోబో కథలో రోబో ఆకారాన్నే వదిలేసుకోవడం! బరువు తగ్గి విమానం దూసుకుపోతుంది, లోపల మనిషి నలిగిపోతాడు. ఘోస్ట్ పేలిపోతుంది, గుల్డ్ కూడా పోతాడు. ఆ కొద్ది క్షణాలూ చూడటం కష్టం. ఈ భాగాలనే కలిపి తరవాత సినిమాగా కూడా వదిలారు, అందులో ఇంకా కష్టం.

ప్ర: మీ రివ్యూలో మ్యుంగ్ గురించి నాలుగు వాక్యాలు రాసి ఊరుకున్నారు. ఇద్దరు మగాళ్ల పౌరుషానికి మధ్యలో పెట్టిన వస్తువు తప్ప ఆమె ఏమిటి? దౌర్జన్యం చేసినవాడు వీరమరణం పొంది మంచివాడైపోతే ఆమెకి జరిగిన న్యాయం ఏమిటి?
— అధ్యాపకురాలు, శ్రీకాకుళం

జ: అమ్మా, నేను కోసిన ఒకటిన్నర మార్కుల్లో ఒకటి దీనికే.

నిజానికి ముగ్గురిలోకీ పెద్ద కథ మ్యుంగ్‌దే. షారన్ ఆపిల్ తనంతట తానే పాడే కంప్యూటర్ అని లోకానికి చెప్తారు. అది అబద్ధం. తయారీ పూర్తి కాలేదు. తెర వెనక మ్యుంగ్ కూర్చుని తన మనసులోని దుఃఖం, కోరిక, ఒంటరితనం ఆ యంత్రంలోకి పంపిస్తేనే షారన్ పాటకి జీవం వస్తుంది. పాట మానేసిన మనిషి మనసు తీసి ఇంకొకరి గొంతులో పెట్టి అమ్ముతున్నారు! ఇంత గొప్ప సంగతి చేతిలో పెట్టుకుని, చివరి భాగానికి వచ్చేసరికి ఆమెని ఒక చోట బంధించి, ఇసాము వచ్చి విడిపించే దాకా కూర్చోబెట్టారు. గుల్డ్ చేసిన పని విషయంలో కూడా అంతే. అతనికి గుర్తొచ్చింది, ఏడ్చాడు, ఇసాము క్షమించాడు. క్షమించాల్సింది ఇసామా? మ్యుంగ్‌ని ఎవరూ అడగలేదు. మీరు అన్నదానికి ఒక్క అక్షరం కూడా మార్చను.

ఒక్కచోట మాత్రం స్క్రిప్టు ఆమెకి అన్యాయం చెయ్యలేదు. షారన్ ఊరందరినీ మత్తులో ముంచినప్పుడు, ఇసాము కూడా ఆ మత్తులో పడి విమానంతో సహా కిందికి రాలిపోతూ ఉంటే, అతన్ని లేపేది మ్యుంగ్ సొంత గొంతుతో పాడిన పాట. రాసిన కెయికో నొబుమొటో ఆడమనిషే, బహుశా అందుకే ఆ పాటైనా దక్కింది అనుకుంటాను.

మిగతా అర మార్కు షారన్‌కి పిచ్చెక్కిన తీరుకి. ఎవడో ఒక దొంగ చిప్పు పెట్టాడు, అంతే, అది రాక్షసి అయిపోయింది. అంతసేపు నెమ్మదిగా అల్లుకుంటూ వచ్చి అక్కడ తొందరపడ్డారు.

ప్ర: షారన్ ఆపిల్ పాటలు ఎవరు చేశారు? వింటుంటే ఒక పాటకీ ఇంకోదానికీ సంబంధమే లేదు.
— సంగీత కళాశాల విద్యార్థిని, విజయనగరం

జ: ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి ప్రిన్సిపాల్‌గా ఉన్న కళాశాల నుంచి యానిమే పాటల మీద ఉత్తరమా! చాలా సంతోషం. సంగీతం యోకో కన్నో. అప్పటికి ఇంకా కొత్తమనిషి. ఒక పాట చర్చిలో వినిపించే బృందగానంలా ఉంటుంది, ఇంకోటి డిస్కోలో తల తిరిగిపోయేలా ఉంటుంది, వెనకాల వచ్చే వాద్యబృందం ఇజ్రాయెల్ ఫిల్హార్మోనిక్. సంబంధం లేకపోవడం లోపం కాదమ్మా, షారన్‌కి తనదంటూ ఒక మనసు లేదు కాబట్టి ఒక బాణీ కూడా లేదు. ఎవరికి ఏది కావాలో అది పాడుతుంది. మ్యుంగ్ పాట ‘వాయిసెస్’ మాత్రం ఒక్క తీరుగా, సన్నగా నడుస్తుంది. పాడింది అకినో అరాయి. మీ టీచర్‌గారికి వినిపించి ఏమంటారో రాయండి.

రెండో భాగంలో షారన్ కచేరీ చూశావు కదా, బొమ్మ స్టేజి దిగి జనంలోకి వచ్చి ఒక్కొక్కరినీ తాకుతుంది. 2007లో హత్సునె మికు అనే సాఫ్ట్‌వేర్ గొంతు వచ్చి, తరవాత ఆ బొమ్మకి వేలమంది టికెట్లు కొని కచేరీలకి వెళ్లినప్పుడు, ఇది చూసినవాళ్లు పెద్దగా ఆశ్చర్యపోయి ఉండరు.

ప్ర: నేను ‘గండమ్’ అభిమానిని. పోటీ పైలట్లంటే అమురో, చార్ తరవాతే ఎవరైనా. వాళ్ల పేరు కూడా ఎత్తలేదేం?
— బ్యాంకు ఉద్యోగి, పాలకొండ

జ: ఎత్తితే ఇంకో పేజీ కావాలి, ఎడిటర్‌గారు ఇవ్వరు. ఇప్పుడు మీరు అడిగారు కాబట్టి.

తెలియనివాళ్లకి: ‘మొబైల్ సూట్ గండమ్’ 1979 ఏప్రిల్‌లో జపాన్ టీవీలో మొదలైంది. దర్శకుడు యొషియుకి తొమినో. 52 వారాలు అనుకున్నారు, చూసేవాళ్లు లేక 43కే ముగించేశారు. తరవాత దాన్ని మూడు సినిమాలుగా కుదించి 1981, 82ల్లో వదిలితే థియేటర్లు నిండిపోయాయి, ఇప్పటికీ కొత్త కథలు వస్తూనే ఉన్నాయి. అమురోకి పదిహేనేళ్లు, యుద్ధం ఇష్టం లేని కుర్రాడు. చార్ ముసుగు తొడుక్కున్న శత్రువు, ఎర్రరంగు రోబో. పైకి ఒక రాజ్యం కోసం పోరాడుతున్నట్టు ఉంటాడు, లోపల ఆ రాజకుటుంబాన్నే తుడిచిపెట్టాలని చూస్తుంటాడు.

అందులో లాలా అనే అమ్మాయి ఉంటుంది, గుర్తుందా? నుదుట బొట్టు, మన దేశపు అమ్మాయిగా రాసుకున్న పాత్ర. ఇద్దరు పైలట్లకీ ఆమె మనసుకి దగ్గరే. అమురో చార్‌ని పొడవబోతే మధ్యలోకి వచ్చి ఆమె ప్రాణం పోతుంది. అక్కడితో యుద్ధం ఎవరిదన్నది వాళ్లిద్దరికీ అనవసరమైపోతుంది. ఆఖర్లో రోబోలు రెండూ ముక్కలైపోతే, ఇద్దరూ కిందికి దిగి కత్తులు పట్టుకుని కొట్టుకుంటారు. గుల్డ్ విమానం కాళ్లూ చేతులూ వదిలెయ్యడం గురించి పైన రాశాను చూడండి. రెండు కథలూ ఒకే చోటికి వచ్చాయి. ఇద్దరి మధ్య ఉన్నది బయటపడాలంటే ఇనుప ఒళ్లు ఊడిపోవాల్సిందే.

మీతో నాకు పేచీ ఒక్కటే. ‘గండమ్’లో లోతు ఎక్కువ, ఒప్పుకుంటాను. కానీ బొమ్మ కదిలే తీరు, గాల్లో వేగం, పాట... ఈ మూడింటిలో ‘మాక్రాస్ ప్లస్’ దరిదాపులకి అది రాదు. పదిహేనేళ్లు వెనకటిది కాబట్టి దాన్ని అననూ కూడదు.

ప్ర: నాలుగు భాగాలు చూడాలా, సినిమా చూడాలా?
— టెక్కలి

జ: నాలుగు భాగాలు. సినిమాలో కొత్త సీన్లు కలిపారు గానీ ఊపిరి తీసుకునే చోట్లు కోసేశారు. భాగాలు నచ్చితే సినిమా ఎలాగూ చూస్తారు.

ప్ర: జపనీస్‌లో చూడాలా, ఇంగ్లిష్ డబ్బింగ్‌లోనా? తెలుగులో రాదా?
— డిగ్రీ విద్యార్థి, చీపురుపల్లి

జ: మా మేనల్లుడు తెచ్చిన డిస్క్‌లో జపనీస్ మాటలు, ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్. నాకు అదే బావుంది. ఇంగ్లిష్‌లో ఇసాముకి గొంతిచ్చింది బ్రయాన్ క్రాన్‌స్టన్, అవును, ‘బ్రేకింగ్ బ్యాడ్’లో కెమిస్ట్రీ మాస్టారే. ఆ ఒక్క కారణానికైనా ఒకసారి వినొచ్చు. తెలుగు సంగతికొస్తే, 2025 సెప్టెంబరులో ‘డీమన్ స్లేయర్’ సినిమా తెలుగు డబ్బింగ్‌తో మన హాళ్లలో ఆడింది, కుర్రాళ్లు ఈలలు వేశారు. పాత యానిమేల వంతు కూడా రావాలని నాకూ ఉంది. వస్తే మాత్రం గుల్డ్‌కి గంభీరంగా, గొంతు బొంగురు చేసి చెప్పే ఆర్టిస్టుని పెట్టకండి బాబూ. అతని బాధంతా మెల్లగా మాట్లాడటంలోనే ఉంది.

ప్ర: మీ వ్యాసం చదివి మా గుంటడు ఆ రోబోల ప్లాస్టిక్ బొమ్మ కావాలని పేచీ పెట్టి కొనిపించుకున్నాడు. డబ్బా విప్పితే బొమ్మ లేదు, వందల ముక్కలున్నాయి! మోసపోయామేమో అని నాకు టెన్షన్. ఏటి చెయ్యమంటారు?
— గృహిణి, నరసన్నపేట

జ: మోసం కాదమ్మా, అది అలాగే అమ్ముతారు. ముక్కలు కోసుకుని, పేర్చుకుని మనమే రోబో తయారు చేసుకోవాలి. 1980లో ‘గండమ్’ బొమ్మని ఇలా ముక్కలుగా 300 యెన్‌లకి అమ్మడం మొదలుపెట్టారు. సీరియల్ మధ్యలో ఆగిపోయినా మళ్లీ బతికి బట్టకట్టడంలో ఈ బొమ్మలది పెద్ద చెయ్యి. అప్పట్లో జిగురుతో అతికించేవారు, ఇప్పటివి చాలావరకు నొక్కితే పట్టుకుంటాయి.

మీరు చెయ్యాల్సింది ఇది. ముక్కల్ని ప్లాస్టిక్ చట్రం నుంచి చేత్తో విరవనివ్వకండి, తెల్లగా మచ్చపడుతుంది, ఒక్కోసారి ముక్కే విరిగిపోతుంది. ఎలక్ట్రికల్ షాపులో వైర్లు కత్తిరించే చిన్న కటింగ్ ప్లయర్ దొరుకుతుంది, అది కొనిపెట్టండి. ముందు ముక్కకి కాస్త దూరంగా ఒకసారి కత్తిరించి, మిగిలిన మొటిమని రెండోసారి దగ్గరగా కత్తిరించమనండి. లోపల ఉన్న కాగితం జపనీస్‌లో ఉన్నా భయం లేదు, బొమ్మల పక్కన నంబర్లు ఉంటాయి, అవే చట్రాల మీదా ఉంటాయి. అన్ని చట్రాలూ ఒకేసారి కోసి కుప్ప పొయ్యనివ్వకండి. ఒక చెయ్యి అయ్యాకే రెండో చెయ్యి. పని చేసేటప్పుడు కింద తెల్ల దుప్పటి పరిచి, ఫ్యాన్ తగ్గించండి. యాంటెన్నా లాంటి సన్న ముక్క ఎగిరి మంచం కిందికి పోయిందంటే మళ్లీ దొరకదు.